గోరంత నిప్పురవ్వ మీ ఇంట్లో ఎక్కడ పడుతుంది?

ప్రశ్న: మేము గుంటూరు శివారులో, గోరంట్ల కొండకు దిగువన ఇల్లు కట్టుకొని ఉంటున్నాము. మాకు పడమటి వైపున నాలుగు ఖాళీ స్థలాల్లో గడ్డి, సర్కారు తుమ్మ ఏపుగా పెరిగి ఎండిపోతాయి. ఏటా వేసవిలో ఎవరో ఒకరు వాటికి నిప్పు పెడతారు. ఉత్తరాన పాడి ఉన్న పొరుగువారి వరిగడ్డి వామి మా ప్రహరీకి దాదాపు ఆనుకొనే ఉంటుంది. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటోంది. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ మంటలను చూసినప్పటి నుంచి బెంగపడి, అక్కడివారు ఇళ్లను కాపాడుకోవడానికి పాటించే జాగ్రత్తలన్నీ రాసి పంపింది. వాటిలో మాకు పనికివచ్చేవి ఏవి? డాబా మీద తాటాకు పందిరి, మెట్ల కింద పన్నెండు టిక్కీల (బస్తాల) మిరపకాయలు, హాల్లో ఛార్జింగ్ పెట్టే మా అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటర్, మంచం పట్టిన మా అత్తగారు, ఇదీ మా ఇంటి పరిస్థితి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ అమ్మాయి పంపిన జాగ్రత్తలను పక్కన పెట్టవద్దు. అక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రాల మీద కట్టినవి కాబట్టి పైకప్పు పలకల గురించి, అటకలోకి గాలి పోయే రంధ్రాలకు సన్నని ఇనుప జల్లెడ బిగించడం గురించి అందులో ఉన్న మాటలు మీ ఇటుక గోడలకు, సిమెంటు శ్లాబుకు వర్తించవు. ఇంటి గోడ నుంచి మొదటి 5 అడుగుల్లో మండే వస్తువు ఏదీ ఉండకూడదనీ, 30 అడుగుల వరకు గడ్డిని, పొదలను పలచగా ఉంచాలనీ చెప్పిన మాట మాత్రం గోరంట్లలో కూడా అక్షరాలా పనికివస్తుంది. ఎందుకు పనికివస్తుందో తెలుసుకుంటే మిగిలిన జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే మీకు తోస్తాయి.

కార్చిచ్చు అనగానే అలలా లేచి వచ్చి ఇంటిని కమ్మేసే మంట మన కళ్ల ముందు మెదులుతుంది. చాలా ఇళ్లు కాలేది అలా కాదు. అమెరికా అటవీ సేవా సంస్థలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త 1990ల చివరి ఏళ్లలో కెనడా అడవుల్లో జరిగిన ప్రయోగాల్లో, నిలువునా మండుతున్న అడవికి ఎదురుగా చెక్క గోడలను నిలిపి పరీక్షించాడు. 10 మీటర్ల దూరంలో నిలిపిన గోడలు కొన్ని సార్లు అంటుకున్నాయి గానీ, 20, 30 మీటర్ల దూరంలో నిలిపినవి అంటుకోలేదు. అంటే పెద్ద మంట వేడి దూరం పెరిగేకొద్దీ త్వరగా బలహీనపడుతుంది. అయినా మంటకు ఎంతో దూరంలో ఉన్న ఇళ్లు కూడా బూడిదవుతున్నాయంటే, అందుకు ప్రధాన కారణం గాలిలో కొట్టుకువచ్చే నిప్పురవ్వలు. లాస్ ఏంజిలిస్‌లో 2025 జనవరి 7న మొదలైన మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆ రోజు కొన్ని చోట్ల గంటకు 100 కిలోమీటర్లకు మించి వీచిన గాలి రవ్వలను వీధులు దాటించి మోసుకుపోయింది. రవ్వ తనంతట తాను గోడను కాల్చలేదు. దానికి తేలికైన, పొడిగా ఉన్న వస్తువు ఒకటి గోడ పక్కనే దొరకాలి.

ఈ సంగతి మన పెద్దలకు ప్రయోగాలు లేకుండానే తెలుసు. నా చిన్నతనంలో మా ఊళ్లో పూరిళ్లే ఎక్కువ. పడమటి గాలి జోరుగా వీచే మధ్యాహ్నాలలో పొయ్యి వెలిగించవద్దని ఊళ్లో దండోరా వేయించేవారు. ఎండుగడ్డి ఇల్లు ఒకటి అంటుకున్నదని కేక వినపడగానే సగం మంది నీళ్ల బిందెలతో ఆ ఇంటి వైపు పరుగెత్తితే, మిగిలిన సగం మంది గాలి వాలున ఉన్న తర్వాతి ఇళ్ల మీదికి ఎక్కి కప్పు పీకి కింద పడవేసేవారు. కాలని ఇంటి కప్పును ఎందుకు పీకుతున్నారో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. రవ్వ వచ్చి పడే చోట దానికి ఆహారం లేకుండా చేయడమే వారు చేసిన పని. మీ అమ్మాయి రాసి పంపిన జాగ్రత్తల సారం కూడా అదే.

ఇప్పుడు డాబా ఎక్కి గోరంత నిప్పురవ్వ ఎక్కడెక్కడ పడగలదో చూడండి. మీ తాటాకు పందిరిని తీసివేయమని చెప్పడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే రోహిణి కార్తెలో డాబా కింద నిద్రపోయే వారికి ఆ చలువ విలువ తెలుసు. అయినా పక్కనే ఏటా గడ్డి తగలబడే చోట, వామి ఉన్న చోట తాటాకు పందిరి ఉంచడం తగదు. అది మండితే శ్లాబుకు ఏమీ కాకపోవచ్చు గానీ, మండే ఆకులు మెట్ల మీద, కిటికీల ముందు రాలతాయి, పక్కనున్న ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు కరుగుతుంది, మీకు నీళ్లు అవసరమైన ఘడియలోనే నీళ్లు పోతాయి. దాని బదులు ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించుకుందామని అనుకోకండి; అదీ ప్లాస్టిక్కే, కరిగి మండుతూ బొట్లుబొట్లుగా కారుతుంది. శ్లాబుకు తెల్లని చలువ పెయింట్ వేయించడం మంచి ప్రత్యామ్నాయం. ఇంటి పక్కన కొబ్బరి చెట్టు ఉంటే ఎండి వేలాడే మట్టలను వేసవి రాకముందే కొట్టించండి. కిటికీకి పెట్టిన కూలర్‌లో గడ్డి తడిసి ఉన్నంతసేపు భయం లేదు గానీ, నీళ్లు పోయక ఎండిపోయిన కూలర్ గడ్డి నిప్పురవ్వకు సిద్ధంగా పరచిన పక్క వంటిది. వాడని రోజుల్లో ఆ గడ్డి తీసివేయండి లేదా కిటికీ తలుపు మూసి ఉంచండి. గుమ్మం ముందు కొబ్బరి పీచు పట్టా, అరుగు మీద పాత దినపత్రికల కట్ట, గోడకు ఆనించిన కట్టెలు, మెట్ల కింద అట్టపెట్టెలు వంటివన్నీ ఆ 5 అడుగుల హద్దులోపలివే.

పడమటి స్థలాల విషయం ఇంకొంత వివరంగా చెప్పవలసి ఉంది. మన ప్రాంతంలో వేసవి వడగాడ్పు ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కాబట్టి, ఆ నాలుగు స్థలాల్లో పెట్టిన నిప్పు మీ ఇంటి వైపే వస్తుంది. కొండ గురించి మీరు అనుకుంటున్నంత భయం అక్కరలేదు. మంట ఎగువకు పరుగెత్తుతుంది; వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. కొండ మీద పుట్టిన మంట దిగువకు అంతకంటే చాలా మెల్లగా దిగుతుంది. కాబట్టి మీ దృష్టి కొండ మీద కంటే స్థలాల మీదే ఉండాలి. మాఘమాసం దాటకముందే మీ ప్రహరీ వెలుపల 15 అడుగుల వెడల్పున గడ్డిని దోకుడుపారతో మట్టి కనపడేదాకా గీకించండి. ఇది మీ స్థలం కాదు కాబట్టి యజమానులకు ముందుగా ఒక మాట చెప్పండి. వారి ఆచూకీ తెలియకపోతే వార్డు సచివాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. గీకిన గడ్డిని అక్కడే కుప్ప చేసి కాల్చకండి. కలుపు మందు కొట్టించి ఊరుకోవడం అంతకంటే పొరపాటు. మందుతో చచ్చిన గడ్డి నిలువునా ఎండి, పచ్చగడ్డి కంటే ఎన్నో రెట్లు తేలికగా అంటుకుంటుంది. బయట చెత్తకు నిప్పు పెట్టేవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చేవారికి 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. ఆ సంగతి పొరుగువారి మీద కేసు పెట్టడానికి కాక, నిప్పు పెట్టే ముందు వారు ఒకసారి ఆలోచించడానికి పనికివస్తుంది.

వామి గురించి పొరుగువారితో మీరే మాట్లాడాలి, అది సున్నితమైన పని. పాడి ఉన్న ఇంటికి గడ్డి సంవత్సరపు గ్రాసం. దాన్ని తీసివేయమంటే వారికి కోపం రావడం సహజం. నా అభిప్రాయంలో ఏ ఇంటికైనా, కొట్టానికైనా వామి కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి. అంత చోటు లేనప్పుడు గాలి వాలును బట్టి, ఇళ్ల మీదికి రవ్వలు రాని పక్కకు జరపాలి. వామి మీదుగా కరెంటు తీగలు వెళుతున్నాయేమో తప్పక చూడండి, ఎందుకంటే సాగిన తీగలు గాలికి ఒకదానికొకటి తగిలి రాల్చే నిప్పులతో వాములు అంటుకుంటాయి. తీగలు అలా వేలాడుతుంటే 1912కు ఫోన్ చేసి విద్యుత్ సంస్థకు తెలియజేయవచ్చు. సరిగా ఆరని గడ్డిని వామి వేస్తే లోపల పులిసి, వేడెక్కి, బయటి నిప్పు లేకుండానే రాజుకోవచ్చు. గడ్డి నుంచి ఆవిరి, మగ్గిన వాసన వస్తున్నాయంటే అది హెచ్చరిక. ఉన్న వామిని ఈ వేసవిలో కదిలించడం కుదరకపోతే, వారి పాలేరుతో పాటు మీరూ కూలి పెట్టుకొని ప్రహరీ పక్కనున్న భాగాన్ని ముందుగా పశువులకు వాడుకునేలా మాట్లాడుకోండి. వచ్చే కోతల తర్వాత కొత్త వామి వేసేటప్పుడు చోటు మార్చడం వారికీ తేలిక.

ఇంతవరకు బయటి నిప్పు గురించి చెప్పాను. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన హాల్లోని స్కూటర్. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో రాత్రి ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ బైక్ బ్యాటరీ పేలి, మంటల్లో ఇంటి యజమాని ప్రాణాలు కోల్పోయాడు. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక గడి (సెల్) లోపల దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి పక్క గడికి, దాని నుంచి ఆ పక్కదానికి పాకుతుంది. మంట ఆరినట్టు కనిపించినా లోపలి వేడితో మళ్లీ రాజుకుంటుంది, విషవాయువులు కమ్ముతాయి. ఇది నిమిషాల మాట కాదు, కొన్ని సార్లు క్షణాల మాట. దేశంలో ఈ బ్యాటరీలకు భద్రతా నిబంధనలను 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు దశల్లో కఠినం చేశారు. మీ అబ్బాయి బండి అంతకు ముందుదైతే జాగ్రత్త మరింత అవసరం. ఏ బండి అయినా ఇంటి బయట, నీడలో, గాలి ఆడేచోట, గుమ్మానికీ మెట్లకూ దూరంగా ఛార్జింగ్ పెట్టాలి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాకుండా బ్యాటరీ చల్లారాక పెట్టాలి. కంపెనీ ఇచ్చిన ఛార్జర్ తప్ప మరొకటి వాడకూడదు. అందరూ నిద్రపోయాక ఛార్జింగ్ పెట్టి వదిలేయడం మానుకోవాలి. బ్యాటరీ ఉబ్బినా, కింద పడినా, వరద నీట మునిగినా దాన్ని మళ్లీ ఇంట్లోకి తేకండి. బ్యాటరీ పెట్టెను బండి నుంచి ఊడదీసి లోపలికి తెచ్చి మంచం పక్కన ఛార్జింగ్ పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది అన్నిటికంటే ప్రమాదకరం.

మెట్ల కింది మిరపకాయల సంగతి. పన్నెండు టిక్కీలంటే దాదాపు అయిదు క్వింటాళ్ల సరుకు, అదీ గోనెసంచుల్లో. గుంటూరు మనిషికి మిరపకాయ ఘాటు గురించి చెప్పనక్కరలేదు గానీ, తాలింపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది కదా. టిక్కీలు రాజుకుంటే ఆ పొగలో కళ్లు తెరవలేరు, ఊపిరి తీసుకోలేరు, తలుపు ఎటు ఉందో కనుక్కోలేరు. పైగా అవి ఉన్నది మీరు దిగి రావలసిన మెట్ల కిందనే. ధర కోసం ఆగదలచుకుంటే శీతల గిడ్డంగిలో పెట్టుకోండి. ఇంటి అవసరానికి ఉంచుకునే కాయలను మెట్లకు, విద్యుత్ మీటరు పెట్టెకు, ఇన్వర్టర్‌కు దూరంగా వేరే గదిలోకి మార్చండి. ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దాన్ని కూడా మూసిన అరలో ఉంచవద్దు.

వంటింట్లో రెండు మాటలు గట్టిగా పట్టుకోవాలి. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోక నేల మీద, అరుగు కింద, మూసిన అరల్లో పేరుకుంటుంది. అందుచేత సిలిండర్ నిలువుగా, గాలి ఆడేచోట, పొయ్యి కంటే దిగువన ఉండాలి. రాత్రి వాసన వస్తే లైటు స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపనూ కూడదు, ఎందుకంటే ఆపడంలోనూ నిప్పురవ్వ పుడుతుంది. ఫ్రిజ్ తనంతట తాను ఆగి తిరగడం మొదలుపెట్టినప్పుడు కూడా అదే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వంటింటి స్విచ్‌లను తాకకుండా వీలైతే ఇంటి వెలుపలి మెయిన్ ఆపేయాలి. రెగ్యులేటర్ ఆపేసి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. అది ఇరవైనాలుగు గంటలూ పనిచేసే గ్యాసు అత్యవసర నంబరు. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకు ఒకసారి మార్చాలి. సిలిండర్ పైభాగాన పట్టుకునే రింగును నిలిపి ఉంచే ఇనుప పట్టీ లోపలి వైపున, దాన్ని మళ్లీ పరీక్షించవలసిన గడువుగా ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, ఆ వరుసనే మిగిలినవి. ఆ గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోకుండా వెనక్కి పంపండి. రెండో మాట, బూరెల మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయవద్దు. నీరు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను ఇంటికప్పు దాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూకుడు మీద సరిపోయే మూత పక్క నుంచి జరిపి కప్పి, చల్లారేదాకా మూత తీయకుండా ఉంచండి.

వైరింగ్ గురించి తక్కువ మాటల్లో చెబుతాను. ఏసీకి ప్రత్యేకంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి తగిన ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్) ఉండాలి. వేసవిలో ఎంసీబీ పదేపదే పడిపోతుంటే అది తన పని తాను చేస్తున్నదని అర్థం, పెద్దది బిగించి దాని నోరు మూయించకండి. నల్లబడిన సాకెట్, వేడెక్కే ప్లగ్గు, కాలిన వాసన కనిపించిన రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. దేవుడి గదిలో దీపం పెట్టి ఇల్లు తాళం వేసి వెళ్లకండి. వెలుగుతున్న నూనె వత్తిని ఎలుక లాక్కుపోవడం కథల్లో మాట కాదు, మన ఊళ్లలో జరిగినదే.

ఇక అత్తగారు. ఇంటి మంటల్లో ఎక్కువ మందిని పొట్టన పెట్టుకునేది సెగ కాదు, పొగ. పొగ వాసనకు మెలకువ వస్తుందని చాలామంది నమ్ముతారు. నిద్రలో ఉన్నవారికి ఆ వాసన తెలియదు, విషవాయువు నిద్రను ఇంకా ముదురుస్తుంది. బ్యాటరీతో పనిచేసే పొగ అలారాన్ని హాల్లో ఒకటి, ఆమె గది బయట ఒకటి పైకప్పుకు బిగించండి. ఆమె మంచం కింది అంతస్తులో, వీధి గుమ్మానికి దగ్గరి గదిలో ఉండాలి. పడకగదుల తలుపులు రాత్రివేళ మూసుకొని పడుకోండి, ఎందుకంటే మూసిన తలుపు పొగను, సెగను చాలాసేపు ఆపుతుంది. ఆమెను ఎత్తుకొని పరుగెత్తడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పక్క మీది మందపాటి దుప్పటితో పాటు నేల మీదికి దించి, తల వైపు రెండు కొసలు పట్టుకొని, వంగి లాక్కురావడం మీ ఇంట్లో కనీసం ఇద్దరికి చేతనై ఉండాలి. పొగ పైకి చేరుతుంది కాబట్టి కింద గాలి కొంచెం మిగిలి ఉంటుంది.

అన్నిటికంటే ముందు మీ ఇనుప గేటు తాళం చూడండి. మన ఇళ్లలో దొంగల భయంతో ముందు మడత గేటుకు, డాబా తలుపుకు, వరండా గ్రిల్లుకు రాత్రి తాళాలు వేసి, చెవుల గుత్తిని బీరువాలోనో తలగడ కిందనో పెడతాము. మంట పుట్టిన రాత్రి, పొగలో, కరెంటు లేని చీకటిలో ఆ గుత్తిలో సరైన చెవి వెతికే సమయం ఎవరికీ ఉండదు. ప్రతి తాళానికి దాని చెవి విడిగా, లోపలి వైపున, బయటి చేతికి అందని చోట, చిన్నపిల్లలకు సైతం తెలిసిన ఒకే మేకుకు తగిలించాలి. కిటికీ గ్రిల్లుల్లో ఒకదానికైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించండి.

మంటలార్పే నాలుగు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి కొని వంటింటి లోపల కాక, గుమ్మం దగ్గర పెట్టుకోండి; దాని ముల్లు ఆకుపచ్చ గీతలో ఉన్నదీ లేనిదీ నెలకొకసారి చూడాలి. చెత్తబుట్టంత మంట అయితే దానితో ప్రయత్నించవచ్చు. అంతకు మించితే అందరూ బయటికి వచ్చి 101కి గానీ 112కు గానీ ఫోన్ చేయడమే సరి. వస్తువుల కోసం, పత్రాల కోసం లోపలికి తిరిగి వెళ్లకూడదు. ఒంటి మీద కాలిన చోట ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటిని ధారగా పోయండి, టూత్‌పేస్టు, సిరా, నెయ్యి వంటివి రాయకండి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. స్కూటర్‌ను బయటికి మార్చడానికి, తాళపుచెవులు తగిలించే మేకు కొట్టడానికి, అత్తగారి మంచం జరపడానికి పైసా ఖర్చు లేదు. ఈ మూడూ ఈ రోజే చేయవచ్చు. తాటాకు పందిరి, టిక్కీలు ఈ వారంలో కదలాలి. ఆ తర్వాత పొగ అలారాలు, వైరింగ్ తనిఖీ. గడ్డి గీకించే పనికి ఇప్పటికే ఆలస్యమైతే, మిగిలిన వేసవికి కనీసం ఇంటి వైపు పది అడుగులైనా గీకించి, డాబా మీది కుళాయికి పడమటి ప్రహరీ దాకా అందే పొడవైన గొట్టం ఒకటి బిగించి పెట్టుకోండి. ఈ ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మెయిన్ ఆపి, మీ అబ్బాయిని మేడ మీది గది నుంచి చీకట్లో దిగి, చెవి తీసుకొని, గేటు తెరిచి, రోడ్డు మీదికి రమ్మనండి. ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి నాకు రాయండి.